ఏడు ఓడల వానాకాలం

ఆ వానాకాలం విశాఖపట్నం రేవుకి ఏడు షికారు ఓడలు వచ్చాయి. మొదటి మూడింటికీ మా డ్రైవరు బాలు వెళ్లాడు. నాలుగోదానికి నేను వెళ్లాను. ఆ తర్వాత మూడింటికీ ఎవరు వెళ్లారన్నదే నేను చెప్పబోయేది.

చోడవరంలో నాది బెల్లం కొట్టు. మా బెల్లం జగదల్‌పూర్ వెళ్తుంది, అక్కడి అడవి చింతపండు ఇక్కడికి వస్తుంది. ముప్పై ఏళ్లుగా నేను నమ్ముకున్న సూత్రం ఒక్కటే. పోయే బండి ఖాళీగా పోకూడదు, వచ్చే బండి ఖాళీగా రాకూడదు. మనుషుల్ని కూడా నేను బండ్లలాగే చూస్తానని మా ఆవిడ రెజీనా అంటుంది. అందులో అబద్ధం లేదు. ఎవరైనా అనకాపల్లి వెళ్తున్నామంటే చాలు, వాళ్ల చేతికి ఒక సంచీ తగిలించేవాణ్ణి.

మే నెలలో ఒక ఆదివారం మా బావమరిది ప్రేమ్‌కుమార్ భోజనానికి వచ్చాడు. ఓడ దిగేవాళ్ల సామాన్లు చూసే కాంట్రాక్టులో వాడు సూపర్‌వైజరు.

"బావా, కిందటేడు సూసేను. చెన్నైలో ఓడెక్కినోళ్లలో రాయ్‌పూరోళ్లు ఇద్దరో ముగ్గురో ప్రతిసారీ ఉంటన్నారు. ఇక్కడ దిగి ఇంటికి ఎల్లిపోదామంటారు. రైలుంటే టిక్కెట్టుండదు. టాక్సీవోళ్లు అరకు అంటే ఎగబడతారు గానీ రాయ్‌పూర్ అంటే మొకం తిప్పేసుకుంటారు."

"ఏం?"

"ఐదొందల యాబై కిలోమీటర్లు ఎల్లి ఖాళీగా తిరిగి రావాల కదేటి!"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఊళ్లో టాక్సీలన్నీ వద్దనుకున్న ఆ దారి, నాకు మాత్రం రానూ పోనూ సరుకున్న దారి. ఆ ఏడే కొన్న ఏడు సీట్ల బండి మా వాకిట్లో ఉంది. చర్చికీ పెళ్లిళ్లకీ తప్ప కదలడం లేదు. నెల తిరిగేసరికి దానికి పసుపు నంబరు ప్లేటూ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పర్మిట్లూ వచ్చేశాయి.

ఏర్పాటు ఇలా చేశాను. ముందు రెండు వరసల్లో ఓడ దిగినవాళ్లు కూర్చుంటారు. వెనక వరస మడిచేసి ఎనిమిది బెల్లం దిమ్మలు, మీద ఒక దుప్పటి. వానాకాలం తడిగాలి తగిలితే బెల్లం చెమర్చి జావగా కారిపోతుంది. అందుకే ఆ రోజుల్లో బెల్లాన్ని దూరం పంపాలంటే వ్యాపారికి గుండె దడ. కానీ ఏసీ బండిలో తడెక్కడిది? లారీలో వచ్చినదానికన్నా గట్టిగా ఉందని జగదల్‌పూర్‌లో మా బెల్లం కొనే సేటు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. మూడు ఓడలపాటు ప్రయాణికులతో పాటు నా బెల్లం కూడా చల్లగా షికారు చేసింది. తిరుగులో చింతపండు బస్తాలు వచ్చేవి. బాలు రెండు రోజులు కిటికీలు తెరిచిపెట్టి ఆ పులుపు వాసన పోగొట్టేవాడు.

ఇంట్లో మాత్రం నెమ్మది లేదు.

మా అమ్మాయి ఝాన్సీకి ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయింది, డ్రైవింగు లైసెన్సు తీసుకుని రెండేళ్లయింది. ఓడ దిగేవాళ్లతో ఫోన్లో హిందీ మాట్లాడేది, దారి చెప్పేది, జగదల్‌పూర్‌లో గదులు పెట్టేది అన్నీ అదే. ఆ దారిలో ఏ ఊరి తర్వాత ఏ ఊరొస్తుందో వెళ్లకుండానే దానికి నోటికొచ్చు. కానీ నేను బండి ఇచ్చేది గురువారం సంతకి, పక్కనున్న వడ్డాది దాకానే. వెళ్లి వచ్చాక డ్రైవరు సీటు ముందుకు జరిగి ఉండేది. నేను ఎక్కి దాన్ని వెనక్కి తోసేవాణ్ణి. మళ్లీ గురువారం అది ముందుకి, నేను వెనక్కి.

"నాన్నా, వొచ్చే ఓడకి నేనెల్తాను."

"వడ్డాది ఎల్లు."

"వడ్డాదికి ఆటో ఉంది కదా, మరి నాకు లైసెన్సెందుకు?"

రెజీనా బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది. "మీ నాన్న నీకు స్టీరింగిచ్చేరు గానీ రోడ్డివ్వలేదే గుంటా."

"సుంకి ఘాటీ అంటే వడ్డాది రోడ్డనుకున్నారేటి?" అన్నాను. "ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఎదర లారీలు."

"బాలు ఎల్తన్నాడు కదా!" అంది ఝాన్సీ.

"ఆడు బాలు."

పైకి చెప్పని జవాబు ఒకటుంది. సరుకు పోతే మళ్లీ తెచ్చుకోగలను. నాకున్నది ఒక్క ఆడగుంట. ఆ మాట నోట్లోంచి వస్తే బేరం అక్కడే పోతుందని నాకు తెలుసు, అందుకే అనలేదు.

జూలై మూడో వారంలో నాలుగో ఓడ. ముందు రోజు సాయంత్రం నుంచి ఒకటే వాన. తెల్లారి ఐదింటికి రావికమతం నుంచి బాలు ఫోన్.

"బాబూ, ఇయాల రానేను. వరి ఉడుపులు."

నాకు కోపమొచ్చింది. వాన పడితే రావికమతంలో డ్రైవరూ ఉండడు, మేస్త్రీ ఉండడు, అందరూ మళ్లో ఉంటారని తెలిసీ ముందు రోజే ఇంకొకణ్ణి చూసుకోని నామీద నాకే కోపం. "ఒరే, ఓడొచ్చేస్తంది, ఇప్పుడు సెప్తావేట్రా!" అని అరుస్తుంటే వాడి తల్లి సన్యాసమ్మ ఫోన్ లాక్కుంది.

"బాబూ, ఇయాల ఆడు మీ డ్రైవరు కాదు, నా కొడుకు. రేపు రమ్మనండి, వొస్తాడు," అని పెట్టేసింది.

నేనే బయల్దేరాను. ఆ రోజు ఎక్కవలసింది ఒక్క మనిషే, పెద్దావిడ, రాయ్‌పూర్. అది వినగానే రెజీనా గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఒక్క ఆడమనిషినేసుకుని రెండ్రోజుల దారి మీరొక్కరూ ఎల్తారేటండీ? ఆవిడకి ఎలగుంటాది? గుంటని తీసుకెళ్లండి."

ఝాన్సీ అప్పటికే సంచీ భుజాన వేసుకుని ఉంది. తల్లీకూతుళ్లు రాత్రే అనుకున్నారో ఏమో నేను అడగలేదు.

మా ఇంట్లో ప్రార్థన చేయకుండా ప్రయాణం కదలదు. రెజీనా బండి బానెట్టు మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది. నాలుగు టైర్లు, ఐదోది స్టెప్నీ, బ్రేకులు, వైపర్లు, ఎదురొచ్చే లారీ డ్రైవర్ల కళ్లు, వాళ్ల నిద్రలు. నేను ఒక కన్ను తెరిచి గడియారం చూశాను. "ప్రభువా, బండి నడిపేవాళ్ల చేతులు..." అని ఆగి, "ఎవరి చేతులైనా సరే, నీ చేతిలో పెట్టుకో" అంది. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది ఝాన్సీ.

రేవు గేటు దగ్గర తొమ్మిదింటికి ప్రేమ్‌కుమార్ ఆవిణ్ణి తీసుకొచ్చాడు. పేరు రాజ్యం. పుట్టింది విజయనగరం, నర్సు ఉద్యోగమంతా రాయ్‌పూర్‌లో, రిటైరై ఐదేళ్లు. ఎర్ర సూట్‌కేసు, ఒక గుడ్డసంచీ. స్నేహితురాళ్లతో ఓడెక్కిన మనిషి మొహంలో షికారు కళ లేదు.

"రేపు పదకొండింటిలోపల చేరతామా బాబూ?" అన్నది ఆవిడ మొదటి మాట.

కూతురు నిండు నెలలతో ఉందట. ఇంకా మూడు వారాలు గడువుందని ఈవిడ ఓడెక్కారు. సముద్రం మీద ఫోన్ పనిచేయలేదు. తీరం దగ్గరికి రాగానే మెసేజీలన్నీ ఒక్కసారి వచ్చాయి. కూతురికి బీపీ పెరిగి ఆస్పత్రిలో చేర్చారు, రేపు పదకొండింటికి ఆపరేషను.

"నేనెళ్లి చేసేది ఏమీ లేదు. డాక్టర్లున్నారు, అల్లుడున్నాడు. కానీ దాన్ని లోపలికి తీసుకెళ్లేముందు నా మొహం కనిపిస్తాదని మాటిచ్చేను. అది చిన్నప్పుడు నేను ఎప్పుడూ నైట్‌డ్యూటీలే. ఈ ఒక్కసారి డ్యూటీ దాని దగ్గర."

నేను మనసులో దారి కొలిచాను. సాయంత్రం ఆరుకి జగదల్‌పూర్. రాత్రి కన్నుమూసి తెల్లారుజామున బయల్దేరితే పదిన్నరకి రాయ్‌పూర్. "చేరతామమ్మా" అన్నాను. నేను సరుకు గురించి ఇచ్చిన మాట తప్పినవాణ్ణి కాను. మనుషుల గురించి మాట ఇవ్వడం కొత్త.

సాలూరు దాకా దివ్యంగా ఉంది. ఝాన్సీ వెనక రాజ్యం గారి పక్కన కూర్చుంది. ఓడలో మూడు రోజులూ అల్లిన ఉన్నిటోపీలు ఆవిడ గుడ్డసంచీలోంచి తీసి చూపించారు. నిమ్మకాయంత తలకి సరిపోయేవి, నాలుగు రంగులు. చూపించాక సంచీని సీటు వెనక, దుప్పటి మీద పెట్టారు.

సాలూరు దాటి ఘాటీ మొదలవగానే ఆవిడకి కడుపులో తిప్పింది. "ఓడలో కూడా ఇలా లేదు. ఆ ఏసీ ఆపి కిటికీలు తీస్తావా బాబూ? గాలి కావాలి."

తీయకేం చేస్తాను? నాలుగు కిటికీలూ దించాను. కొండమీది మంచు, సన్నటి తుంపర, చల్లటి తడిగాలి, మొత్తం బండిలోకి వచ్చేశాయి. మలుపు తిరుగుతూనే నా బెల్లం సంగతి గుర్తొచ్చింది. కిటికీ వేయమని చెప్పాలంటే వెనకేముందో చెప్పాలి. వెనకేముందో చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇంకో ఆరు మలుపులు నోరు మూసుకునే తిప్పాను.

ఝాన్సీ ముక్కు ఎగబీల్చింది. "నాన్నా, పాకం వాసనొస్తంది."

"కొండ పూలే."

"కొండ పూలు మన కొట్టు వాసనేస్తాయేటి?"

అది వెనక్కి చెయ్యి పెట్టింది. చెయ్యి తీస్తే మోచేతి దాకా బెల్లం. దుప్పటి నాని, గుడ్డసంచీ నాని, నాలుగు టోపీలూ ఒక ముద్దయ్యాయి.

సుంకిలో అచ్చియ్యమ్మ టీకొట్టు ముందు బండి ఆపాను. ఆ దారిలో వెళ్లే మా చోడవరం బళ్లన్నీ అక్కడే ఆగుతాయి. సిగ్గుతో నేను రాజ్యం గారి వైపు చూడలేదు. సరుకు దింపేద్దామని డిక్కీ తలుపెత్తి, నడుం వంచి, చేతుల్లో జారిపోతున్న దిమ్మని ఎత్తాను. ఒకటి దించాను. రెండు దించాను. మూడోది ఎత్తేటప్పుడు నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. దిమ్మ నేలమీద, నేను దిమ్మ మీద.

రాజ్యం గారు వచ్చి నా వీపు నొక్కి చూశారు. నర్సు చెయ్యి కదా, మొహమాటం లేదు. "కండరం పట్టేసింది. ప్రాణానికేం భయం లేదు. ఎడమ కాలు ఎత్తు చూద్దాం."

ఎత్తలేకపోయాను.

"క్లచ్చు తొక్కలేవు," అన్నారావిడ, బీపీ రాసుకున్నంత మామూలుగా.

మిగిలిన ఐదు దిమ్మల్నీ ఝాన్సీ, అచ్చియ్యమ్మ కలిసి దించారు. "ఇంత బెల్లం నానేం సేసుకోను బాబూ?" అని అచ్చియ్యమ్మ గోల.

"టీలో ఎయ్."

"సుంకి ఊరంతా ఏడాది తాగినా ఇది అవ్వదు!"

నేను బల్లమీద వాలి ఆలోచిస్తున్నాను. సాలూరు నుంచి డ్రైవరుని పిలిపిస్తే రెండు గంటలు. వాన వల్ల దొరకకపోతే? దొరికినా, చీకటి పడ్డాక కొత్తవాడు ఆ కొండదారిలో నడపడు, రాత్రికి దారిలోనే ఆగిపోవాలి. ఎటునుంచి కొలిచినా రేపటి పదకొండు దాటిపోతోంది. రాజ్యం గారు ముద్దయిన టోపీలు ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే విడదీస్తున్నారు.

అప్పుడు ముందునుంచి కిర్రుమని చప్పుడైంది. ఆ చప్పుడు నాకు ప్రతి గురువారం తెలిసినదే. డ్రైవరు సీటు ముందుకు జరుగుతున్న చప్పుడు.

నేను తాళం ఇవ్వలేదు. తాళం బండికే ఉంది. అచ్చియ్యమ్మ భుజం పట్టుకుని నడిచి వెళ్లి ఎడమ పక్క సీట్లో కూర్చున్నాను.

"బెల్టు పెట్టుకో నాన్నా," అంది ఝాన్సీ.

మొదటి మలుపు దగ్గర నా కుడికాలు దానంతటదే నేలని తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. రెండో మలుపులో మళ్లీ తొక్కాను. ఎదురుగా ఖనిజం లారీ వచ్చింది. ఝాన్సీ హారన్ కొట్టి, ఎడమకి ఒదిగి, ఆగి, లారీని పోనిచ్చి, చెయ్యూపింది. లారీ డ్రైవరు తిరిగి చెయ్యూపాడు. ముప్పై ఏళ్లలో నాకు ఆ ఘాటీలో చెయ్యూపిన లారీవాడు లేడు. నేను ఎప్పుడూ ఆగి దారి ఇచ్చినవాణ్ణి కాను.

"ఏటి నాన్నా ఆ కాలు?" అంది రోడ్డు మీంచి కళ్లు తీయకుండా.

"నొప్పి."

"ఎడమ కాలు కదా నొప్పి!"

వెనక సీట్లో రాజ్యం గారు ఆ రోజు మొదటిసారి నవ్వారు. పొట్టంగి దాటేసరికి ఆవిడకి వికారం తగ్గింది. కొరాపుట్ దాటేసరికి నిద్రపోయారు.

జగదల్‌పూర్ లాడ్జిలో ఝాన్సీ వేణ్ణీళ్లు తెప్పించి టోపీల్ని నాలుగుసార్లు ఉతికింది. తెల్లారుజామున వాటిని బండి ముందున్న ఏసీ గాలికి ఆరబెట్టి బయల్దేరింది. కేశ్‌కాల్ ఘాటీలో పొద్దు పొడిచింది. రాజ్యం గారిని ముందు కూర్చోబెట్టి, నేను వెనక సీట్లో బారుగా పడుకుని ఉన్నాను. తలెత్తితే కనిపించేవి ఆ నాలుగు టోపీలూ, వాటి మధ్యనుంచి రోడ్డూ. కాంకేర్‌లో డీజిల్ కొట్టించాం. ధమ్‌తరీలో రైల్వే గేటు పడి పది నిమిషాలు ఆగాం. ఆ పది నిమిషాలూ ఝాన్సీ వేళ్లతో స్టీరింగు మీద దరువేసింది. భయపడుతోందని నాకప్పుడు తెలిసింది. భయం ఉందా, అయితే ఫర్వాలేదు అనుకున్నాను. భయం లేని డ్రైవరుకి నేను దిమ్మ బెల్లం కూడా అప్పజెప్పను.

పదీ ఇరవైకి ఆస్పత్రి గుమ్మం ముందు ఆపింది.

రాజ్యం గారు దిగి, రెండడుగులు వేసి, వెనక్కొచ్చి, కిటికీలోంచి ఝాన్సీ చెంప ఒకసారి నిమిరి, లోపలికి పరిగెత్తారు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి అలా పరిగెత్తడం నేను చూడలేదు. పన్నెండు కాకముందే ఫోన్ చేశారు. ఆడపిల్ల. ఇద్దరూ కులాసా. "టోపీ పెట్టేను. నోటిదాకా లాక్కుని చప్పరిస్తోంది. ఇంకా తీపి పోలేదు బాబూ!"

తిరుగులో జగదల్‌పూర్ సేటు ఎదురుచూస్తున్నాడు. బెల్లమేదీ అని అడిగితే సుంకిలో ఉందన్నాను. చింతపండు బస్తాలు మాత్రం సిద్ధంగా ఉంచాడు. ఎక్కిద్దామంటే చోటేదీ? వెనక రెండు వరసలూ మడిచి, పరిచిన పక్కమీద నేను పడుకుని ఉన్నాను. ఆ ట్రిప్పుకి తిరుగు సరుకు నేనే.

నడుం బాగవడానికి పది రోజులు పట్టింది. లేచాక వడ్డాదిలో పనుండి బండెక్కితే మోకాళ్లు స్టీరింగుకి తగిలాయి. సీటు ముందుకే ఉంది. వెనక్కి తోయబోయి చెయ్యి ఆపుకున్నాను. ఎనిమిది కిలోమీటర్లు మోకాళ్లు ముడుచుకునే వెళ్లొచ్చాను.

ఐదో ఓడకి ఝాన్సీ నడిపితే నేను పక్కన కూర్చున్నాను. ఆరో ఓడకి రెజీనా కూర్చుంది. నాలుగు రోజుల తర్వాత చీరల సంచీతో దిగి, "ఘాటీ ఎలగుందే?" అని నేనడిగితే, "ఏమో, నేను నిద్దరపోయేను" అంది. మా ఆవిడ మా పెళ్లిబస్సులో కూడా నిద్రపోలేదు. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు నాకు అక్కర్లేకపోయింది.

బాలుకి కొట్టు లారీ అప్పజెప్పాను. "ఉడుపులప్పుడు ముందే సెప్పరా" అన్నాను. సన్యాసమ్మ పక్కనుంచి, "వాన ముందే సెప్పి వస్తాదేటి బాబూ?" అంది.

ఆగస్టు నెలాఖరున ఏడో ఓడ. ఎక్కినవాళ్లు రాయ్‌పూర్‌కి ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఝాన్సీ ఒక్కర్తే వెళ్లింది. వెనక బెల్లం పెట్టనివ్వలేదు. "మనుషుల బండిలో మనుషులే, సరుకు బండిలో సరుకే," అని ముందే చెప్పేసింది. రాయ్‌పూర్ చేరి ఫోన్ చేసింది.

"నాన్నా, సేటు దగ్గర ఆగను. చింతపండు ఒద్దు."

"అయితే ఐదొందల యాబై కిలోమీటర్లూ ఖాళీగా వస్తావేటే?"

"ఖాళీగా ఎందుకొస్తాను? రాజ్యం అమ్మమ్మా, వాళ్లమ్మాయీ, పాపా వస్తన్నారు. పాపకి సముద్రం సూపిస్తారట. పది రోజులుంటారు. మళ్లీ నేనే దింపాల."

నా సూత్రమే అది, కూర్చోబెట్టి నేర్పింది కాదు. నాకన్నా బాగా నేర్చింది.

మర్నాడు పొద్దున్నే జగదల్‌పూర్‌లో బయల్దేరామని ఝాన్సీ ఫోన్ చేసింది. మధ్యాహ్నం కొట్టులో కూర్చున్నాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఒంటిగంట దాటింది. క్యారియరు తెచ్చిన రెజీనా గుమ్మంలో ఆగి బల్ల కిందకి చూసింది.

"ఏటండీ ఆ కాలు?"

చూసుకుంటే నా కుడికాలు గోనెపట్టా మీద గట్టిగా నొక్కి ఉంది. పట్టా అక్కడ అరిగి గుంటపడింది. ఎన్నాళ్లనుంచి తొక్కుతున్నానో!

"సుంకి ఘాటీ దిగతన్నారు," అన్నాను.

"ఎంతసేపు?"

గడియారం చూశాను. "ఇంకో ఇరవై నిమిషాలు."

కాలు మాత్రం తీయలేదు.